భీష్మప్రతిజ్ఞ యెచ్చట నున్నది?

మన కడప జిల్లాలో కలమళ్ల, ఎర్రగుడిపాడు అను గ్రామములందు దొరకిన రేనాటి చోళుల శాసనములు తెలుగుభాషలో మనకు లభించిన శాసనములలో మిక్కిలి ప్రాచీనములని పండితులు చెప్పుచున్నారు. అవి క్రీస్తుశకము 6వ శతాబ్దమునకు చెందినవి. ఎండకు నెండి వానకు దడిసి యా యక్షరములు సుమారు 1,400 సంవత్సరములు నిలిచినవి. 1921వ సంవత్సరమున తెలుగువారు తీసిన మొదటి చలనచిత్రమో, నూరేండ్లయినను నిలువలేదు. దాని పేరు "భీష్మప్రతిజ్ఞ". అది మాటలు లేని మూగచిత్రము. దాని ప్రతి యొక్కటియు నేడు లోకములో నెచ్చటను లేదు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి యాలోచించినచో మనకు గొప్ప పాఠమొకటి దొరకునని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

సినిమాల ముచ్చట పాఠశాల సంచికలో నేల యని కొందరు పెద్దలు నొసలు ముడుచుకొనవచ్చును. వారి శంక నిర్హేతుకమైనది కాదు. పరీక్షలు దగ్గరపడుచుండగా బాలురు తెరముందు కాలము వెచ్చించుట మాకును సమ్మతము గాదు. అయితే మేమిచ్చట సినిమా చూడుడని చెప్పుటలేదు. చూడవలెనన్నను చూడ వీలులేని సినిమానుగూర్చి చెప్పుచున్నాము. ఒక జాతి తన చేతిపనిని ఎట్లు పోగొట్టుకొనును, పోగొట్టుకొనకుండుట కేమి చేయవలెను అను ప్రశ్న చరిత్రకు సంబంధించినది. చరిత్ర పాఠశాలకు పరాయిది కాదు గదా!

ముందుగా కథ వినుడు. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా జీవించుచుండిరి. 1910 ప్రాంతమున వారు క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించిరి. తెరపై బొమ్మలు కదలుచుండగా గ్రామఫోను పళ్లెమునుండి ధ్వని వచ్చునట్లు చేయు సాధనమది. ఆ యంత్రముతో వారు డేరాలు వేసికొని ఆంధ్రదేశమునందేగాక సింహళమునందును బర్మాయందును ప్రదర్శనములిచ్చిరి. తరువాత చెన్నపట్టణమునకు మరలి వచ్చి గెయిటీ యను సినిమాశాలను గట్టించిరి. ఆ నగరమున భారతీయుడు కట్టించిన మొదటి సినిమాశాల యదియే. క్రౌను, గ్లోబు అను శాలలు పిమ్మట వచ్చినవి.

బొమ్మను చూపించుటతో వెంకయ్యగారికి తృప్తి కలుగలేదు; బొమ్మను తీయవలెనని వారు సంకల్పించిరి. తమ కుమారుడు రఘుపతి సూర్యప్రకాశుగారిని విదేశములకంపి యా విద్య నేర్పించిరి. 1921లో తండ్రికొడుకులిరువురును చెన్నపట్టణమున "స్టార్ ఆఫ్ ది ఈస్ట్" అను సంస్థను నెలకొల్పి "భీష్మప్రతిజ్ఞ"ను తీసిరి. ప్రకాశుగారే దర్శకులు, భీష్ముని వేషమును వారే ధరించిరి. గంగాదేవి పాత్రను పెగ్గీ కాస్టెల్లో అను నటి ధరించెను. మన స్త్రీలు కెమేరా యెదుట నిలుచుటకు ముందుకు రాని రోజులవి. మన పురాణదేవతకు పరాయిపేరుగల యువతి రూపమిచ్చుట నేడు వింతగా దోచవచ్చునుగాని, ఆ కాలమునకు గత్యంతర మదియే. ఆ చిత్రమునకు సహాయముగా పనిచేసిన చిత్తజల్లు పుల్లయ్యగారు పిమ్మట 1934లో "లవకుశ" టాకీని తీసి తెలుగునాట పేరు పొందిరి. ఆ విధముగా ఒక్క చిత్రము తానొక పాఠశాలయై శిష్యులను తయారుచేసినది.

కథయేమో అందరకును తెలిసినదే. తండ్రియైన శంతనుడు సత్యవతిని పెండ్లాడుటకై దేవవ్రతుడు రాజ్యమును వదలుకొని, ఆజన్మబ్రహ్మచారిగా నుందునని ప్రతిజ్ఞచేసి భీష్ముడని పేరుగాంచెను. తీసినవారికే సినిమాశాలలు గూడ నుండుటచేత చిత్రమును జనుల యెదుట బెట్టుటకు వెంకయ్యగారు పరుల గడప త్రొక్కవలసిన యవసరము లేకపోయెను. నిర్మాణము, ప్రదర్శనము రెండును ఒకే యింటిలో నుండుట నాటికి గొప్ప విశేషము.

ఆనాటి ప్రదర్శనమెట్లుండెనో నేటి బాలురకు చెప్పక తీరదు. తెరపై మాట వినరాదు. నడుమనడుమ అక్షరములతో పలకలవంటి ఫలకములు వచ్చుచుండును. చదువ నేర్చినవాడు ప్రక్కవానికి బిగ్గరగా చదివి వినిపించును. చాలచోట్ల తెరప్రక్కన నొక వ్యాఖ్యాత నిలువబడి కథ చెప్పుచుండును. హార్మోనియము, తబలా వాయించువారు క్రింద గూర్చుండి యుద్ధమునకొక వాద్యము, శోకమునకొక వాద్యము పలికింతురు. నేలమీద గూర్చుండువారికి తక్కువ వెల, బల్లలవారికి కొంచెమెక్కువ, కుర్చీలవారికి మరియు నెక్కువ. ఒక్క యంత్రమే యుండుటచేత చుట్ట మార్చునప్పుడెల్ల దీపము వెలుగును. జనులు కథనుగూర్చి చర్చించుకొందురు. కనుక మూగచిత్రమనుట పేరుకు మాత్రమే. తెర మూగదిగాని శాల మూగది కాదు.

మనవంటి లోపలి ఊళ్లకు బొమ్మలాట వచ్చిన మార్గముగూడ గమనింపదగినది. చెన్నపట్టణమునుండి బొంబాయికి పోవు రైలు మన జిల్లాగుండ పోవును. ప్రొద్దుటూరునకును జమ్మలమడుగునకును నాడు రైలు లేదు. ఎఱ్ఱగుంట్లయే వారి స్టేషను. పులివెందులవారికి ముద్దనూరు దగ్గర. నంద్యాల రైలుమార్గము పూర్తియై ప్రొద్దుటూరు, జమ్మలమడుగులమీదుగా బండ్లు నడచుట 2016వ సంవత్సరపు మాట. అంతకుముందు బయటినుండి వచ్చు వింత యేదైనను ఎఱ్ఱగుంట్లలోనో ముద్దనూరులోనో దిగి, బండినెక్కి, దుమ్ముకొట్టుకొని మన యూరు చేరవలసినదే. తిరుగుడు డేరాలవారు పంటలు ఇంటికి వచ్చిన దినములు చూచి యూరివెలుపల గుడారము వేసి, కొన్నాళ్లాడి, మరియొక యూరికి తరలుచుండిరి. ఇట్లు ఊరూరు తిరిగిన ఫిలిము చుట్ట యంత్రపు పండ్లలో నలిగి, గీతలు పడి, తెగిన చోట్ల అతుకులు వేయబడి, తుదకు పేలికవలె నగుచుండెను. ఎంతయెక్కువమంది చూచిన నంత త్వరగా నది నశించుచుండెను. ప్రజాదరణమే ఫిలిమునకు ఆయుఃక్షీణమైనది.

నాశమునకు మరి మూడు కారణములు కలవు. మొదటిది ఫిలిము చేసిన పదార్థము. నాటి ఫిలిము నైట్రేటు సెల్యులోజుతో జేయబడినది. అది ప్రత్తిమందు జాతికి చెందినది. నిప్పురవ్వ సోకిన భగ్గున మండును. తనకు గావలసిన ప్రాణవాయువును తనలోనే యుంచుకొనుటచే నీరుపోసినను ఆరదు. మంట తగులకున్నను వేడికి, తేమకు మెల్లగా క్రుళ్లి జిగటయై, తుదకు గోధుమవన్నె పొడిగా మారును. మన రాయలసీమ యెండలకు అది యెంతకాలము తాళగలదో మీరే యూహింపుడు. రెండవది వెండి. బొమ్మను నిలుపు పూతలో వెండి యుండును. ఆడి పాతబడిన ఫిలిమును కడిగి వెండి తీసి యమ్ముకొనుట దేశదేశములందు వాడుకయైనది. బంగారపు అంగడి ముంగిటి మట్టినైనను ఊడ్చి కడిగి రజను తీయు నేర్పును ప్రొద్దుటూరివారు ఎరుగుదురు. అది మట్టినుండి బంగారము తీయుట. ఇదియో, బంగారమువంటి చిత్రమును చెరిపి చిటికెడు వెండి తీయుట! మూడవది టాకీ. 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ సినిమాలో "ఆలంఆరా" ఆడెను. బొమ్మ మాటాడుట మొదలిడిన పిదప మూగబొమ్మను కొనువారు లేరైరి. వెలలేని సరకునకు గిడ్డంగి యద్దె ఎవరు కట్టుదురు?

ఈ నష్టము మన చిత్రమొక్కదానిదే కాదు. భారతదేశమున సుమారు 1,300 మూగచిత్రములు తయారైనవని చెప్పుదురు. ముక్కలతోగూడ లెక్కించినను నేడు మిగిలినవి ముప్పదికి మించవు. దక్షిణదేశపు మొదటి కథాచిత్రమైన నటరాజ మొదలియారుగారి "కీచకవధ" పోయినది. ఆలంఆరా పోయినది. ధనమునకును సాధనములకును లోటులేని అమెరికాలోనే 1912 మొదలు 1929 వరకు తయారైన 10,919 మూగచిత్రములలో తొలి రూపమున సంపూర్ణముగా మిగిలినవి నూటికి 14 మాత్రమేయని వారి కాంగ్రెసు గ్రంథాలయమువారు 2013లో ప్రకటించిరి. మన దేశమున చిత్రములను భద్రపరచుటకు పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము నెలకొల్పబడినది 1964లో. భీష్మప్రతిజ్ఞ తయారై అప్పటికి 43 సంవత్సరములు గడచినవి. వైద్యుడు వచ్చుసరికి రోగి లేడు.

"కథ భారతములో నున్నదిగదా, బొమ్మ పోయిన నేమి?" యని యడుగువారు కలరు. దీనికి మా ప్రత్యుత్తరమిది. భీష్ముని కథ పోలేదు, నిజమే. పోయినది కథ కాదు. దారి చూపువాడు లేకయే తెలుగువాడొకడు మొదటిసారి కెమేరాను ద్రిప్పినప్పుడు దానిని ఎచ్చట నిలిపెనో, నాటకపు రంగమునకు అలవాటుపడిన చేతులను తెరకు ఎట్లు ఒప్పించెనో, నాటి నగలెట్టివో, వస్త్రములెట్టివో, 1921నాటి చెన్నపట్టణపు వెలుగు ఎట్టిదో, ఇవి పోయినవి. పుస్తకమొకటి చిరిగినచో మరియొక ప్రతి యుండును. పద్యము వ్రాత నశించినను నోట నిలుచును. ముఖకవళికను కంఠస్థము చేయుట ఎవ్వరి తరము? మాట తప్పనివాని కథను చెప్పిన చిత్రమును మనవారు నిలుపుకొనలేకపోవుట విచారకరముగాదా?

అయినను పోయినదంతయు పోయినట్లే యని చేతులు ముడుచుకొనుట మాకు సమ్మతము గాదు. పోయినవనుకొన్నవి ఎట్టి చోట్ల దొరకినవో చూడుడు. ఫ్రాన్సునందు 1928లో తయారైన "జోన్ ఆఫ్ ఆర్క్" చిత్రపు అసలు ప్రతి నార్వే రాజధాని ఓస్లోలోని యొక మానసికవైద్యశాల అలమారులో 1981లో బయటపడెను. కెనడాలో డాసన్ అను ఊర పూడ్చివేసిన యీతకొలను త్రవ్వగా 1978లో 500కు పైగా చుట్టలు దొరకినవి. చలిదేశపు గడ్డకట్టిన నేల వానిని కాపాడినది. 1919నాటి మన "బిల్వమంగళ్" చిత్రపు భాగము పారిసు నగరపు భాండాగారమునందుండగా దాని నకలు 2016లో మన దేశమునకు వచ్చినది. తిరువాన్కూరున 1933లో తీసిన "మార్తాండవర్మ" కథ యన్నిటికంటె విచిత్రము. నవల హక్కులనుగూర్చి వ్యాజ్యము వచ్చి చిత్రప్రదర్శనము నిలిచిపోయెను. ఫిలిము పుస్తకాల అంగడివారి వశమయ్యెను. ఆడుటకు వీలులేనందున నలుగక, పెట్టెలో నిలిచి, 1974లో పూనా భాండాగారము చేరెను. తీసినవారిని ముంచిన వ్యాజ్యమే చిత్రమును దేల్చినది! మన భీష్మప్రతిజ్ఞకు అట్టి యదృష్టమైన దురదృష్టముగూడ పట్టలేదు.

చిత్రము దొరకకున్నను దానిచుట్టునున్న కాగితము దొరకిన ఎంత మేలో గూడ చెప్పెదము. తెలుగున మొదటి సంపూర్ణ టాకీ హెచ్. యం. రెడ్డిగారి "భక్తప్రహ్లాద". అదియు నేడు లేదు. 1931 సెప్టెంబరు 15వ తేదీన అది విడుదలయైనదని దశాబ్దములతరబడి పుస్తకములందు అచ్చుపడుచు వచ్చినది. పత్రికారచయిత రెంటాల జయదేవగారు నాటి పత్రికలను, సెన్సారు దాఖలాలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలో మొదట ఆడినదని నిరూపించిరి. ఒక జాతి తన మొదటి టాకీ పుట్టినదినమును సరిదిద్దుకొనుటకు ఆధారమైనవేవి? ఎవ్వరో పారవేయక యుంచిన కాగితములు! కరపత్రమును చింపి పొట్లము గట్టినవాడును, మడిచి పెట్టెలో దాచినవాడును ఇద్దరును తమకు తెలియకయే చరిత్ర వ్రాయుచున్నారు. ఒకడు చెరుపుచు, ఒకడు నిలుపుచు.

నిలుపుట మన జిల్లాకు క్రొత్తవిద్య కాదు. చార్లెసు ఫిలిప్ బ్రౌనుదొరగారు 1820లో కడపకు వచ్చి, ఇచ్చట బంగళా కొని, సొంతజీతమునుండి పండితులకు వేతనములిచ్చి, చెదలు దినుచున్న తాళపత్రములను దెప్పించి ప్రతులు వ్రాయించిరి. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించిరి. ఆయన నివసించిన చోటనే నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. పరదేశమునుండి వచ్చిన యుద్యోగియొకడు మన తాటాకులకు జేసిన యుపకారమును, మనము మన బొమ్మలకు జేసికొనలేమా? అదిగాక తెలుగు చలనచిత్రమున మన జిల్లా పాలు కొంచెము కాదు. "మల్లీశ్వరి"ని 1951లో తీసిన బి. యన్. రెడ్డిగారు పులివెందుల ప్రాంతపు కొత్తపల్లిలో 1908లో జన్మించిరి. వారి తమ్ములు నాగిరెడ్డిగారు అదే 1951లో "పాతాళభైరవి"ని నిర్మించిన విజయాసంస్థకు మూలపురుషులలో నొకరు. అన్నదమ్ములిరువురును ఫాల్కేపురస్కారమును బొందిరి. భీష్మప్రతిజ్ఞ తయారైననాడు బి. యన్. రెడ్డిగారు మన పాఠశాలలోని బాలురంతటి బాలుడు. చూచుటకును చేయుటకును నడుమ నెంత కొద్ది దూరమున్నదో దీనివలన తెలియుచున్నది.

ఇక చేయవలసిన పని. మేము కోరునది ఒక అలమార, ఒక దాఖలాపుస్తకము. అంతకుమించి ఖర్చు లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములనుండి వచ్చు విద్యార్థులు సెలవులకు ఇంటికి పోయినప్పుడు అటకమీది పెట్టెలను తాతగారి యనుమతితో దెరచి చూతురుగాక. పాత సినిమా కరపత్రములు, పాటలపుస్తకములు, నాటకసమాజముల ప్రకటనలు, టిక్కెట్లు, డేరాల ఛాయాచిత్రములు, పాఠశాలోత్సవముల చిత్రములు, ఏవి దొరకినను పారవేయకుందురుగాక. ఇచ్చుటకు ఇష్టములేనిచో నకలు తీయించి తిరిగి యిచ్చివేయవచ్చును. చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. సిరాతో వ్రాయరాదు, జిగురుతో నంటింపరాదు. పేరులేని ఫొటో రెండు తరములు గడచినపిమ్మట అనాథయగును. ప్రతి సంవత్సరము ఒక యుపాధ్యాయుడును ఇద్దరు విద్యార్థులును దానికి బాధ్యులుగా నుండి, పదవి వదలునప్పుడు లెక్క అప్పగింపవలెను.

కాగితము లేనిచోట మాట కలదు. టూరింగుటాకీల డేరాలలో ఇసుకమీద గూర్చుండి బొమ్మ చూచిన అవ్వలు, తాతలు ఇంకను మన యిండ్లలో నున్నారు. మూగచిత్రములను చూచినవారి తరము గడచిపోయినది. డేరాల తరముగూడ గడచుచున్నది. వారిని అడిగి, చెప్పినది చెప్పినట్లు, తేదీ వేసి వ్రాసికొనుడు. ఏ యూరు, ఏ చిత్రము, టిక్కెట్టెంత, ఎవరితో పోయితిరి అని నాలుగు ప్రశ్నలు చాలును. పది సంవత్సరములు తాళి అడుగుదమన్నచో, అడుగుటకు మనముందుముగాని చెప్పుటకు వారుండకపోవచ్చును.

ఒక హెచ్చరిక. ఎవరియింటనైనను నిజమైన పాత ఫిలిముచుట్ట కనబడినచో దీపము దగ్గరకు దీసికొనిపోరాదు, యంత్రమున కెక్కింపరాదు, మూసిన గదిలో వేడిమియందుంచరాదు. పెద్దలకు చెప్పి, చల్లని గాలిచోట నుంచి, పూనాలోని భాండాగారమునకు వ్రాయవలెను. నిపుణులుగల భాండాగారములకే నైట్రేటు భయము తప్పినది కాదు; 2003 జనవరిలో పూనాలోనే అగ్నిప్రమాదమున కొన్ని పాత ఫిలిములు దగ్ధమైనవి.

"నేడు చేతనున్న ఫోనులో నన్నియు నిలిచియున్నవి, ఈ భయమేల?" యని నవయువకులు నవ్వవచ్చును. తల్లిదండ్రులారా, మీ వివాహపు వీడియోకేసెట్టు ఎచ్చట నున్నది? దానిని ఆడించు యంత్రము మీ యింట నున్నదా? ఫోను నీటబడినను, యంత్రము మారినను, సంకేతపదము మరచినను వేయి బొమ్మలు ఒక్క క్షణమున మాయమగును. నైట్రేటు ఫిలిము క్రుళ్లుటకు ఏండ్లు పట్టెను. దీనికి నిమిషము చాలును. పాఠశాల వార్షికోత్సవపు చిత్రములను రెండుచోట్ల భద్రపరచి, ముఖ్యమైనవానిని కాగితముపై ముద్రింపించుట మేలు. బొమ్మలు విస్తారముగా నుండుట వేరు, నిలిచియుండుట వేరు.

వెంకయ్యగారు 1941లో కీర్తిశేషులైరి. వారి పేర ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 1980లో పురస్కారమును నెలకొల్పిరి. పేరును గౌరవించితిమిగాని ఆ పేరు దెచ్చిన పనిని చూపలేము. ఇట్టి గతి మన పాఠశాల నాటకమునకు, మన యూరి జాతరకు, మన తాతల ముఖములకు పట్టకుండుగాక. వచ్చు సంచిక వెలువడునాటికి అలమారలో మొదటి యరయైనను నిండవలెనని మా కోరిక. దాఖలాపుస్తకమున మొదటి పంక్తిని ఏ తరగతివారు వ్రాయుదురో చూతము.